బుర్హాన్‌పూర్ షాహీ కిలా: ముంతాజ్ కన్నుమూసిన తపతి ఒడ్డు మహల్. ఎవరైనా చూశారా?

కరీంనగర్_సంచారి
అందరికీ నమస్తే. డిసెంబర్ చివర్లో అమ్మానాన్నలతో షిర్డీ, అజంతా చూసి రావాలని అనుకుంటున్నాం. మ్యాప్ చూస్తుంటే అజంతా నుంచి మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ రెండు మూడు గంటల దారే అనిపించింది. తపతి నది ఒడ్డున మొగలుల మహల్ ఉందని, షాజహాన్ భార్య ముంతాజ్ అక్కడే చనిపోయిందని చదివాను. మా అమ్మేమో "ఆగ్రాలో సమాధి చూశాం కదరా, ఆమె పోయింది అక్కడ కాదా?" అంటోంది. నాకూ ఇన్నాళ్ళూ అదే అనుమానం. నాన్నకి 70 దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఒక రోజు అక్కడ పెట్టొచ్చా? శిథిలాలు తప్ప ఏమీ ఉండవని ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు.

నేపానగర్_పిల్ల
నేను అక్కడే పుట్టి పెరిగానండీ. నాన్నగారు నేపానగర్ కాగితం మిల్లులో పనిచేసేవారు. బుర్హాన్‌పూర్ మాకు సంతకీ, పెళ్ళి బట్టలకీ వెళ్ళే ఊరు. చుట్టాలు ఎవరొచ్చినా కిలాకి తీసుకెళ్ళేవాళ్ళం కాబట్టి పాతికసార్లు చూసి ఉంటాను.

మీ ఆఫీసాయన చెప్పింది సగం నిజం. ఆగ్రా, ఢిల్లీ కోటల్లాగా పాలరాయి, పచ్చిక బయళ్ళు ఏవీ లేవు. ఇటుక, సున్నం కట్టడం. ఏడంతస్తులని ఊళ్ళో చెప్తారు కానీ చాలా వరకు కూలిపోయింది. దివాన్-ఇ-ఆమ్ (ప్రజా దర్బారు), దివాన్-ఇ-ఖాస్ (ఆంతరంగిక దర్బారు) రెండూ కింద కాకుండా మేడ మీద కట్టారు. ఇప్పుడు అక్కడ మిగిలినవి గోడలు, తోరణాలే. అయితే ఆ మేడ అంచున నిలబడి కిందకి చూస్తే తపతి కనిపిస్తుంది చూడండీ, దానికోసమే వెళ్ళాలి.

బాగా మిగిలింది హమామ్‌ఖానా, అంటే స్నానశాల. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో హమామ్ చూసి ఉంటే ఎలా ఉంటుందో కొంత ఊహించొచ్చు. మధ్యలో నీళ్ళ తొట్టి, పైకప్పు లోపలి వైపు గూళ్ళు గూళ్ళుగా సున్నపు పని, దాని మీద పూలూ తీగలూ. రంగులు కొంత రాలాయి, కొంత నిలిచాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. తల పైకెత్తి చూస్తూ ఆ తొట్టిలో పడబోయాను.

అంకుల్‌గారి మోకాళ్ళ విషయం: హమామ్ వరకు పర్వాలేదు. మేడ మీదకి మెట్లు ఎత్తుగా, అరిగిపోయి ఉంటాయి. ఆయన్ని సాయంత్రం రాజ్‌ఘాట్ అనే నది రేవు దగ్గర కూర్చోబెట్టండి. నది వైపు నుంచి చూస్తే కిలా పొడుగు అంతా ఒకేసారి తెలుస్తుంది, లోపల తిరిగినప్పుడు తెలియదు. ఎండాకాలం మాత్రం వద్దే వద్దు. ఆ ఎండలకు రెంటచింతల కూడా చల్లగా ఉందనిపిస్తుంది.

తాజ్_అభిమాని
మేం పోయినేడు వెళ్ళాం. గైడ్ చాలా బాగా చెప్పాడు. తాజ్‌మహల్ అసలు బుర్హాన్‌పూర్‌లోనే, తపతి ఒడ్డునే కట్టాలనుకున్నారట. మట్టిలో చెదలు ఎక్కువని, రాజస్థాన్ నుంచి పాలరాయి తేవడం కష్టమని మానేశారట. హమామ్ గోడ మీద ఒక బొమ్మ కూడా చూపించాడు, తాజ్‌కి నమూనా అదేనట. చరిత్ర పుస్తకాల్లో ఇవన్నీ ఎందుకు రాయరో.

రికార్డు_గది
రాయకపోవడానికి కారణం అవి గైడ్ మాటలు కావడమే అండీ. కోప్పడకండి, నేనూ ఆ గైడ్ల దగ్గర ఇదే కథ విన్నాను, చెదల చోట ఇంకొకాయన నదిలో నీడ సరిగ్గా పడదని చెప్పాడు.

రాతల్లో ఉన్నది ఇది. షాజహాన్ 1630లో దక్కన్ యుద్ధాల కోసం బుర్హాన్‌పూర్ వచ్చి మకాం వేశాడు. ఎదురు తిరిగిన మొగల్ సర్దార్ ఖాన్ జహాన్ లోదీ అహ్మద్‌నగర్ నిజాంషాహీల పంచన చేరాడు, వాళ్ళిద్దరి పనీ పట్టాలని. దాదాపు రెండేళ్ళు ఈ మహలే మొగల్ రాజధాని అనుకోండి. 1631 జూన్ 17న పద్నాలుగో కాన్పులో ముంతాజ్ చనిపోయింది. వయసు 38. పుట్టిన ఆడపిల్ల గౌహర్ ఆరా బతికింది. ముంతాజ్‌ని నది అవతల జైనాబాద్ తోటలో అమానతుగా ఖననం చేశారు. అంటే ఇక్కడ తాత్కాలికం, తర్వాత తీసుకెళ్తాం అని. ఆ మాటలోనే సమాధానం ఉంది కదా, ఇక్కడే కట్టాలనుకుంటే అమానతు దేనికి? డిసెంబర్‌లో రాకుమారుడు షుజాను తోడిచ్చి ఆగ్రాకి పంపారు. ఆ ఆరు నెలలూ బాదుషా శుక్రవారం శుక్రవారం నది దాటి వెళ్ళి ఫాతిహా చదివేవాడని చరిత్రకారులు రాశారు. నల్లటి గడ్డంలో తెల్ల వెంట్రుకలు బాగా కనిపించడం మొదలైందనీ రాశారు.

చెదలు ఎక్కడైనా ఉంటాయి. ఆగ్రాలో లేవా?

తాజ్_అభిమాని
సరే సార్, ఒప్పుకుంటున్నా. కానీ ఆ కథ వింటున్నప్పుడు మా ఆవిడ ఏడ్చింది. మీరు చెప్పిన దానికీ ఏడ్చేది, ఇంకా ఎక్కువగా.

గుంటూరు_కారం
ఇంతకీ తినడానికేం దొరుకుతుంది అక్కడ? చరిత్ర తర్వాత చూద్దాం.

నేపానగర్_పిల్ల
మావా జిలేబీ. కోవాతో చేస్తారు. లావుగా, ముదురు గోధుమరంగులో, మన జిలేబీలా కరకరలాడదు, గులాబ్‌జామ్‌కి అన్నలా ఉంటుంది. ఒకటి తింటే చాలు, రెండోది పందెం కిందే. ఇంకోటి దరాబా, రవ్వ, నెయ్యి, పంచదార నురగొచ్చేలా గిలక్కొట్టి చేస్తారు. అరటిపళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, జిల్లా అంతా అరటితోటలే.

బందరు_బాబాయ్
ఈ చర్చ ఇప్పుడే చూశాను. అందరూ ముంతాజ్ చావు దగ్గర ఆగిపోయారు, ఆవిడ బతికుండగా ఆ ఊళ్ళోంచి మన వైపు వచ్చిన సంగతి ఎవరూ ఎత్తలేదు. బందరు వాడిగా నాకు ఉండబట్టడం లేదు.

1622లో ఖుర్రం, అంటే తర్వాతి షాజహాన్, తండ్రి జహంగీర్ మీద తిరగబడ్డాడు. జహంగీర్ సేనాని మహబత్ ఖాన్ సైన్యం తరుముకొస్తే 1623లో బుర్హాన్‌పూర్ దగ్గర తపతి దాటి దక్షిణానికి పారిపోయాడు. మాహూర్ మీదుగా, అంటే మన ఆదిలాబాద్ పక్కనుంచి, గోల్కొండ రాజ్యంలోకి దిగి మచిలీపట్నం చేరాడు. అక్కడినుంచి కోస్తా వెంబడి ఒరిస్సా, బెంగాల్, బిహార్. అప్పటి గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా దారి ఇచ్చాడు, ఖుర్రం తరఫున యుద్ధానికి మాత్రం దిగలేదు. తెలివైనవాడు. ఢిల్లీతో పేచీ ఎవరికి కావాలి?

ఇప్పుడు అసలు సంగతి. ముంతాజ్ కొడుకు మురాద్ 1624 అక్టోబర్‌లో బిహార్‌లోని రోహ్తాస్ కోటలో పుట్టాడు. ఆ పరుగంతా ఆవిడ భర్తతోనే ఉంది. అంటే ఆగ్రాలో పాలరాయి కింద పడుకున్న మనిషి మా బందరు ఉప్పుగాలి పీల్చింది, గోదావరి దాటింది. పల్లకీలోనో ఏనుగు మీదో, చంకలో పసిపిల్లలతో. గోదావరి రేవులో ఆవిణ్ణి ఏ పడవవాడు దాటించాడో అని అప్పుడప్పుడూ అనుకుంటుంటాను.

రికార్డు_గది
బాబాయ్ గారూ, నమస్కారం. కాలక్రమం సరిగ్గా సరిపోతోంది, ఇలా కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. చిన్న చేర్పు: బెంగాల్, బిహార్‌లు చేజారాక ఖుర్రం మళ్ళీ దక్కన్‌కే తిరిగొచ్చాడు, అహ్మద్‌నగర్ సేనాని మాలిక్ అంబర్‌తో చేతులు కలిపి ఇదే బుర్హాన్‌పూర్‌ని ముట్టడించాడు. కోట లొంగలేదు. తాను కాపురం చేసిన ఊరి మీదే ఫిరంగులు ఎక్కుపెట్టాడన్నమాట. అంతకుముందు 1617లో వాళ్ళ కూతురు రోషనారా పుట్టిందీ ఇక్కడే.

పాతబస్తీ_కుర్రాడు
బాబాయ్ బందరు దాకా తీస్కపోయిండు, నేను హైదరాబాద్ దాకా తీస్కపోతా.

మా నిజాముల మూలపురుషుడు మొదటి ఆసఫ్ జా 1748 జూన్ 1న కన్నుమూసింది బుర్హాన్‌పూర్‌లనే. సమాధి మాత్రం ఖుల్దాబాద్‌ల ఉంది, ఔరంగజేబు సమాధి ఉన్న ఊర్లనే. 1720ల ఢిల్లీ దర్బారుని చెప్పుచేతుల్ల పెట్టుకున్న సయ్యద్ సోదరుల మీదికి లేచినప్పుడు ఆయన ముందుగాల పట్టుకున్నవి దగ్గర్లున్న అసీర్‌గఢ్ కోట, బుర్హాన్‌పూర్. ఆ రెండూ చేతికొస్తే దక్కన్ తలుపు తెరుచుకున్నట్టే. ఊరి చుట్టూ ప్రహరీ గోడ, దర్వాజాలు కూడా ఆయన హయాంల కట్టినవే, 1731 ప్రాంతంల. శన్వారా దర్వాజా చూసిన్రా? మన పురానాపూల్ దర్వాజా యాదికొస్తది.

ఇంకొకటి. 1708ల బాదుషా బహదూర్‌షా తమ్ముడు కాంబక్ష్ మీదికి హైదరాబాద్ దిక్కు వచ్చేటప్పుడు ఇదే ఊర్ల తపతి దాటిండు. ఆయన వెంట గురు గోవింద్ సింగ్ కూడా ఉండె. గురువుగారు నాందేడ్‌ల ఆగిపోయిండు, బాదుషా ముంగటికొచ్చి 1709 జనవరిల హైదరాబాద్ బయట తమ్ముణ్ణి ఓడగొట్టిండు. గురువుగారి యాదికి ఊర్ల గురుద్వారా ఉంది.

కరీంనగర్_సంచారి
ఇంత లింకు ఉందని తెలియదన్నా! నేను కిలా ఒక్కటే అనుకున్నా. ఇంతకీ ఆ మహల్ మొదట కట్టింది ఎవరు? షాజహానేనా?

రికార్డు_గది
కాదు. ఫారూఖీ సుల్తాన్లు. ఈ చుట్టుపక్కల ఖాందేశ్ రాజ్యాన్ని రెండొందల ఏళ్ళు ఏలారు. 1400 ప్రాంతంలో నసీర్ ఖాన్ ఫారూఖీ ఊరు కట్టి, సూఫీ గురువు బుర్హానుద్దీన్ గరీబ్ పేరు పెట్టాడు. అవతలి ఒడ్డుకి ఆయన శిష్యుడు జైనుద్దీన్ పేరు మీద జైనాబాద్. నది ఒడ్డున కోట, మహల్ ఫారూఖీల పునాది. 1601లో అసీర్‌గఢ్ లొంగాక అక్బర్‌కి దక్కింది. ఆ సుబాని (రాష్ట్రాన్ని) కొడుకు దానియాల్‌కిచ్చి ఖాందేశ్‌ని దాందేశ్ అని పిలిపించారు. ఆ కుర్రాడు తాగి తాగి 1605లో అక్కడే పోయాడు. తండ్రి మందు బంద్ చేయిస్తే తుపాకీ గొట్టంలో పోయించి తెప్పించుకున్నాడట.

హమామ్, మేడ మీది దర్బార్లు మొగలుల చేర్పులు. షాజహాన్ పేరుతో ఎక్కువగా చెప్తారు.

వీలైతే జామా మసీదు తప్పకుండా చూడండి. కిలా నుంచి దగ్గరే. 1590 ప్రాంతంలో ఫారూఖీ రాజా అలీ ఖాన్ కట్టించాడు. లోపల గోడ మీద అరబ్బీ శాసనంతో పాటు సంస్కృత శాసనం ఉంది, నాగరి లిపిలో, సంవత్ లెక్కతో. మసీదు గోడ మీద సంస్కృతమా అని చాలామంది ఆగిపోతారు.

గుంటూరు_కారం
ఆ ఊళ్ళో పోయినవాళ్ళ లెక్క ఒకటి వేశాను. దానియాల్ 1605, ఖుర్రం ఖైదులో ఉన్న అన్న ఖుస్రో 1622, ఇంకో సోదరుడు పర్వేజ్ 1626, ముంతాజ్ 1631, నిజాం 1748. మధ్యలో ఎవరినైనా వదిలేశానా? ఆ ఊళ్ళో హోటల్ రూమ్ బుక్ చేసుకునే ముందు కాస్త ఆలోచించండి సంచారీ 😄

రికార్డు_గది
వదిలేశారు. అంబర్ రాజ్యపు మీర్జా రాజా జైసింగ్, 1667. శివాజీతో పురందర్ సంధి చేయించిన ఆయన. దక్కన్ నుంచి తిరిగి వెళ్తూ బుర్హాన్‌పూర్‌లో పోయాడు. ఊరి బయట తపతి ఒడ్డున ఆయన ఛత్రి (స్మారక మంటపం) ఉంది, రాజా కీ ఛత్రి అంటారు. ఇందులో ఇంకో మెలిక. ఆగ్రాలో తాజ్ కట్టిన స్థలం ఈ జైసింగ్‌దే. బదులుగా వేరే హవేలీలు ఇచ్చినట్టు 1633 ఫర్మానా ఉంది. ముంతాజ్ పోయిన ఊళ్ళోనే, ఆవిడ సమాధికి చోటిచ్చినవాడూ పోయాడు.

కర్మ అని నేను అనను. ఆ ఊరు దక్కన్‌కి సైనిక స్థావరం. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు ఏళ్ళ తరబడి ఉండిపోయేవాళ్ళు. ఉన్నచోటే జబ్బులు, కాన్పులు, చావులు. ఖుస్రోది మాత్రం అలాంటి చావు కాదని అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి.

అక్షర_టీచర్
నాదొక మాట. ముంతాజ్ గురించి చెప్పేటప్పుడు అదే ఏడాది ఆ మహల్ గోడల బయట ఏం జరిగిందో కూడా పిల్లలకి చెప్పాలి. 1630లో వానలు తప్పి గుజరాత్, ఖాందేశ్, దక్కన్ అంతటా కరవు. ఆ నవంబర్‌లో సూరత్ నుంచి ఆగ్రా వెళ్తూ బుర్హాన్‌పూర్ దాటిన ఇంగ్లీషు వర్తకుడు పీటర్ మండీ దారి పొడుగునా శవాలు చూశానని రాశాడు. ఆస్థాన చరిత్రకారుడు అబ్దుల్ హమీద్ లాహోరీ కూడా దాచలేదు. రొట్టెముక్క కోసం ప్రాణం అమ్ముకుంటామన్నా కొనేవాడు లేడని రాశాడు. బాదుషా గంజి కేంద్రాలు తెరిపించి, సోమవారం సోమవారం బుర్హాన్‌పూర్‌లో ఐదు వేల రూపాయలు పంచమన్నాడు. ఇరవై వారాలు, మొత్తం లక్ష. యుద్ధానికి అయిన ఖర్చు ముందు అదెంతో మీరే ఊహించుకోండి.

హమామ్ పైకప్పు పూలు చూస్తున్నప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. అందంగా ఉందని ఒప్పుకుంటూనే.

నేపానగర్_పిల్ల
టీచర్‌గారూ, ఊళ్ళో పుట్టి కూడా నాకీ కరవు సంగతి తెలియదు. స్కూల్లో చెప్పలేదు, గైడ్లూ చెప్పరు.

నీళ్ళ_ఇంజినీర్
ఆ ఊరి పాత నీటి ఏర్పాటు కుండీ భండారా సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? నేను వెళ్ళిందే దానికోసం. మహల్ ఒక గంటలో చూసేసి బయటపడ్డా.

నది పక్కనే ఉన్నా ఎండాకాలం తపతి చిక్కిపోతుంది, శత్రువు ఆ నీళ్ళలో విషం కలుపుతాడన్న భయమూ ఉంది. అందుకని 1615లో మొగల్ సేనాని అబ్దుల్ రహీం ఖాన్-ఇ-ఖానా హయాంలో తబ్కుతుల్ అర్జ్ అనే పర్షియా నిపుణుడు సాత్పురా కొండల నుంచి దిగే ఊటని నేల లోపలే పట్టాడు. నూరుకి పైగా బావులు వరసగా తవ్వి, అడుగున సొరంగంతో కలిపారు. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి కొద్దిగా వాలు. అంతే. మోటారు లేదు, పంపు లేదు, నీరు దానంతట అది ఊరికి నడిచొస్తుంది. మన దగ్గరి పోలిక కావాలంటే బీదర్ కారెజ్. బావిలోకి దిగితే గోడల మీద సున్నం పేరుకుని తెల్లగా గట్టిగా రాయిలా కనిపిస్తుంది. నాలుగొందల ఏళ్ళైనా నీరు పారుతోంది. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్ళ కింద వేసిన పైపు మూడుసార్లు పగిలింది.

కిందకి దిగడానికి లిఫ్ట్ పెట్టారు, కానీ అది నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి. రైల్వే స్టేషన్ ఉండే లాల్‌బాగ్ వైపే ఉంటుంది కాబట్టి ఊళ్ళోకి వెళ్ళే ముందే చూసుకోవచ్చు. 2024లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది.

కరీంనగర్_సంచారి
అందరికీ చాలా థ్యాంక్స్. మొన్నే తిరిగొచ్చాం. మాటిచ్చినట్టు రిపోర్ట్.

అజంతా నుంచి కారులో వెళ్ళాం. రాత్రి ఊళ్ళోనే ఉన్నాం, గుంటూరు కారం గారూ, క్షేమంగానే లేచాం. పొద్దున్నే కిలా. మేం తప్ప ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు, ఒక మేక. హమామ్‌లో గైడ్ లేడు, అదే మంచిదైంది. సెల్ టార్చ్ పైకి వేసి అమ్మ చాలాసేపు చూసింది. ఆ పూలు మా అమ్మమ్మ పెట్టె మీద రంగుల్లా ఉన్నాయంది. మేడ మీదకి నాన్న రాలేదు. నేనూ అమ్మా ఎక్కాం. గబ్బిలాల కంపు, గోడలనిండా ప్రేమికుల పేర్లు. పేర్ల దగ్గర మాత్రం కడుపు మండింది. చివర నదివైపు తోరణం దగ్గరికి వస్తే గాలి. కింద నది సన్నగా, బండల మధ్య. ఒకతను బట్టలు ఉతుకుతున్నాడు. అవతల ఒడ్డు జైనాబాద్.

మధ్యాహ్నం ఆహూఖానా, అంటే ఆ జైనాబాద్ తోట, ఎక్కడని అడిగితే ఇద్దరు ఆటోవాళ్ళకి తెలియలేదు. మూడో అతను "ముంతాజ్ కీ పహలీ కబర్?" అన్నాడు, మొదటి సమాధా అని. ఆహూ అంటే ఫారసీలో జింకట, ఒకప్పుడు రాజుల వేట తోట. వంతెన దాటి వెళ్ళాం. పాడుబడ్డ మంటపం, చుట్టూ పొలాలు, అరటితోట. ఆరు నెలలు ఆవిడ ఇక్కడే ఉంది అని చెప్తే నాన్న చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డాడు. ఎందుకు విప్పావు అంటే "ఏమో రా" అన్నాడు.

అక్కడినుంచి తిరిగి చూస్తే కిలా కనిపించింది. ఆ శుక్రవారాలు బాదుషాకి నది దాటక ముందే ఈ చోటు మేడ మీది నుంచి రోజూ కనిపించేదేమో. ఆ మాట నేను అనలేదు, అమ్మ అంది.

సాయంత్రం రాజ్‌ఘాట్‌లో నాన్నని కూర్చోబెట్టి నేను ఫొటోలు తీసుకున్నా. లిఫ్ట్ ఆ రోజు నడవలేదు, కుండీ భండారా పైనుంచి తొంగి చూసి వచ్చేశాం. ఇంజినీర్ గారు తిట్టకండి.

బందరు బాబాయ్ గారూ, నాన్న ఒకటే అడుగుతున్నాడు. మాహూర్ నుంచి గోల్కొండ వైపు వచ్చారంటే గోదావరి మా జిల్లా దగ్గరే దాటారేమో కదా అని. మీరేమంటారు?

బందరు_బాబాయ్
దాటి ఉండొచ్చు బాబూ, ఏ రేవో మాత్రం నా దగ్గర రాత లేదు. మీ నాన్నగారిని ధర్మపురి దగ్గరే దాటారని అనుకోమను, నాకేం అభ్యంతరం లేదు. రికార్డు గది గారు మాత్రం ఒప్పుకోరు.

రికార్డు_గది
ఒప్పుకోను 😄

గుంటూరు_కారం
అంతా బాగుంది. జిలేబీ ఎన్ని తిన్నారో చెప్పలేదు.

కరీంనగర్_సంచారి
నాన్న రెండు. షుగర్ ఉందని అమ్మకి తెలియకుండా.